ధరలు పడుతున్నప్పుడు అద్దెకిచ్చే ఇల్లు: బ్రిటన్‌లో కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

రెండో ఇల్లు కొని అద్దెకిద్దామనుకునే మనవాళ్లు నా దగ్గరికి ఒకే ప్రశ్నతో వస్తారు. "అక్కా, ధరలు ఇంకా పడతాయా, ఇప్పుడే కొనేయమంటారా?" ఆ ప్రశ్నని పక్కన పెట్టించి నేను ఇంకోటి అడుగుతాను. వచ్చే అద్దె ఆ ఇంటి ఖర్చులన్నీ మోస్తుందా? వడ్డీ రెండు శాతం పెరిగినా, మీ జీతంలోంచి ఒక్క పౌండు తీయకుండా, అప్పుడూ మోస్తుందా? మోసేట్టయితే ధరలు పడుతున్నా కొనొచ్చు. మోయదంటే ఎంత చవకగా కనబడినా వద్దు. ఈ జవాబు ఎలా రాబట్టుకోవాలో, నేను చేసే పద్ధతిలోనే ఇక్కడ రాస్తున్నాను.

మాది తెనాలి. ఉండేది రెడింగ్‌లో. పగలు ఒక కంపెనీలో అకౌంట్స్ పని. జనవరి వచ్చిందంటే సాయంత్రాలన్నీ తెలిసిన కుటుంబాల సెల్ఫ్ అసెస్‌మెంట్ (ఎవరికి వారు వేసే ఆదాయపు పన్ను) రిటర్నులతోనే గడుస్తాయి. కాబట్టి ఎవరి ఇల్లు ఏడాది చివర ఎంత మిగిల్చిందో కాగితం మీద చూస్తూనే ఉంటాను. మాకూ డెర్బీలో, రాయల్ డెర్బీ హాస్పిటల్‌కి బస్సులో వెళ్లగలిగేంత దూరంలో, రెండు బెడ్‌రూముల టెర్రస్ ఇల్లొకటి (పక్కిళ్లతో గోడలు కలిసి వరుసగా ఉండే ఇల్లు) ఉంది. నేను చెప్పే నిబంధనలు ఇంగ్లండ్‌వి. స్కాట్లండ్, వేల్స్‌లో ఇల్లు కొన్నప్పుడు కట్టే పన్నూ వేరు, అద్దె చట్టాలూ వేరు.

ధర ఎందుకు పడుతోంది?

మొదట ఇది తేల్చుకోండి. ధర పడింది అనే మాట ఒక్కటే గానీ దాని వెనక కారణాలు వేరువేరు. మన చేతిలో డబ్బు మిగలడం, మిగలకపోవడం ఆ కారణాన్ని బట్టే ఉంటుంది.

2007 సెప్టెంబరులో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు జనం క్యూలు కట్టారు. అక్కణ్ణుంచి 2009 మొదటికల్లా దేశంలో ఇళ్ల ధరలు సగటున ఇంచుమించు 20% పడిపోయాయి. బై టు లెట్ అప్పులు, అంటే అద్దెకివ్వడానికి కొనే ఇళ్ల మీద అప్పులు, పెద్ద ఎత్తున ఇచ్చిన బ్రాడ్‌ఫర్డ్ అండ్ బింగ్లీని 2008లో ప్రభుత్వం జాతీయం చేయాల్సి వచ్చింది. అంత జరిగినా చాలామంది ఇంటి ఓనర్లు గట్టెక్కారు. ఎందుకంటే 2007లో 5.75% ఉన్న వడ్డీని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 2009 మార్చికల్లా 0.5%కి దించేసింది. ట్రాకర్ మార్ట్‌గేజ్ (ఆ వడ్డీతో పాటే మారే ఇంటి అప్పు) ఉన్నవాళ్లకి ఇంటి విలువ తగ్గినా నెలనెలా కట్టేది అంతకంటే ఎక్కువ తగ్గింది. అమ్మాల్సిన అవసరం రాలేదు, కూర్చున్నారు, ధరలు తిరిగొచ్చాయి.

2022లో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. 2021 డిసెంబరు దాకా 0.1% ఉన్న వడ్డీ 2023 ఆగస్టుకల్లా 5.25% అయింది. ధరల్ని కిందికి లాగింది వడ్డీయే, ఓనరు జేబు ఖాళీ చేసిందీ వడ్డీయే. అదే కాలంలో అద్దెలు మాత్రం విపరీతంగా పెరిగాయి. 2024 మార్చికి ముగిసిన ఏడాదిలో ప్రైవేటు అద్దెల పెరుగుదల 9% దాటిందని ప్రభుత్వ గణాంకాల సంస్థ లెక్క.

మూడో రకం పతనం దేశానిది కాదు, ఒక ఊరిదో, ఒక బిల్డింగుదో. ఊళ్లో పెద్ద ఫ్యాక్టరీ మూతపడొచ్చు. బిల్డింగు గోడలకి మంటలంటుకునే క్లాడింగ్ (బయటి తొడుగు) ఉందని తేలొచ్చు. పక్కనే వందల కొద్దీ కొత్త ఫ్లాట్లు లేవొచ్చు.

ఇది మీరే కనిపెట్టడానికి సులువైన దారి ఉంది. ఆ ఊళ్లో ఇళ్లు అద్దెకిప్పించే ఏజెంట్లకి ముగ్గురికి ఫోన్ చేయండి. ఓనరుగానే మాట్లాడండి. ఈ మధ్య ఇప్పించిన రెండు బెడ్‌రూముల ఇళ్లు ఎంతకి పోయాయి, ఎన్నాళ్లు ఖాళీగా ఉన్నాయి, ఎంతమంది చూడ్డానికి వచ్చారు అని అడగండి. ముగ్గురూ ఒకే మాట చెబితే నమ్మొచ్చు. ధర పడుతున్నా అద్దె నిలబడి ఉంటే అది పరిశీలించదగ్గ ఊరు. ధరా అద్దే రెండూ జారుతుంటే, అక్కడ ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వెనక్కి వచ్చేయండి.

ఒక ఇంటి పూర్తి లెక్క

మిడ్‌లాండ్స్‌లో దొరికే మామూలు టెర్రస్ ఇల్లు తీసుకుందాం. ధర 1,90,000 పౌండ్లు, అద్దె నెలకి 1,000. అంటే ఏడాదికి 12,000. ఏజెంటు "6.3% యీల్డ్ అండీ" అంటాడు, అంటే ధరలో ఏడాది అద్దె ఎంత శాతమో అది. ఆ అంకెని వినండి, రాసుకోకండి.

ముందు మీ చేతి నుంచి వెళ్లేది చూడండి. డిపాజిట్ 25%, అంటే 47,500. స్టాంప్ డ్యూటీ మామూలు రేటు మీద రెండో ఇంటికి ఇంకో 5% వేస్తున్నారు. 2016లో ఈ అదనం 3%తో మొదలైంది, 2024 అక్టోబరు 31 నుంచి 5% అయింది. అలా చూస్తే మొదటి 1,25,000 మీద 5%, మిగతా 65,000 మీద 7%, మొత్తం 10,800. సొలిసిటరు (కొనుగోలు కాగితాలు చూసే లాయరు), సర్వే, మార్ట్‌గేజ్ ఫీజులకి 3,500 అనుకోండి. రంగులు, కార్పెట్, చిన్నా చితకా పనులకి 3,000. వెరసి 64,800 పౌండ్లు. మనవాళ్లు డిపాజిట్ ఒక్కటే పెట్టుబడి అనుకుని శాతాలు వేస్తారు. మిగిలిన పదిహేడు వేల పైచిలుకు కూడా మీ కష్టార్జితమే కదా.

ఇప్పుడు ఏడాది ఖర్చులు. ఏజెంటుకి 10%, దాని మీద వ్యాట్ కలిపి 1,440. ఇన్సూరెన్స్ 250. ఏటా గ్యాస్ సేఫ్టీ సర్టిఫికెట్, అయిదేళ్లకోసారి కరెంటు వైరింగ్ తనిఖీ, సగటున ఏడాదికి 120. మరమ్మతులకి అద్దెలో పదో వంతు, 1,200. రెండేళ్లకో నెల ఖాళీ ఉంటుందనుకుంటే ఏడాదికి 500. మొత్తం 3,510. మరమ్మతుల దగ్గర చాలామంది నాతో వాదిస్తారు, "పోయినేడు వంద కూడా అవలేదక్కా" అని. బాయిలర్ మార్చే ఏడాది మూడేళ్ల డబ్బు ఒక్కసారే పోతుంది. అందుకే పదో వంతు ప్రతి నెలా పక్కన పడాల్సిందే.

అద్దెలోంచి అవన్నీ తీసేస్తే 8,490 మిగులుతుంది. ఈ అంకెని గుండ్రం చుట్టి పెట్టుకోండి, మళ్లీ కావాలి. అప్పు 1,42,500 మీద 5% వడ్డీ 7,125. చేతిలో మిగిలేది 1,365. ఇది వడ్డీ మాత్రమే కట్టే మార్ట్‌గేజ్‌తో వచ్చిన లెక్క. ఇక్కడ బై టు లెట్ అప్పులు ఎక్కువగా అలాంటివే. నెలనెలా ఈఎంఐ కడుతూ అసలు తగ్గించుకోవడానికి అలవాటుపడ్డ మనకి ఇది కొత్తగా ఉంటుంది. ఇరవై అయిదేళ్లు కట్టినా చివర్లో ఆ 1,42,500 అలాగే నిలబడి ఉంటుంది. ఇల్లు అమ్మో, ఇంకోచోటి నుంచి తెచ్చో తీర్చాలి.

పన్ను దగ్గర అసలు కథ మారిపోతుంది. ఒకప్పుడు వడ్డీ మొత్తాన్ని అద్దెలోంచి తీసేసి, మిగిలినదాని మీదే పన్ను కట్టేవాళ్లం. 2017 నుంచి దశలవారీగా దాన్ని ఎత్తేశారు, 2020 ఏప్రిల్‌తో పూర్తయింది. ఇప్పుడు వడ్డీ తీయకముందున్న 8,490 మొత్తం మీ ఆదాయం కిందే లెక్క. దాని మీద పన్ను వేసి, తర్వాత వడ్డీలో 20% మాత్రం తగ్గిస్తారు.

జీతం 50,270 దాటి 40% పన్ను కట్టే ఐటీ ఉద్యోగికి ఎలా ఉంటుందో చూడండి. 8,490లో 40% అంటే 3,396. అందులోంచి వడ్డీలో ఐదో వంతు 1,425 తీస్తే కట్టాల్సిన పన్ను 1,971. చేతికి మిగిలిందే 1,365. అంటే ఏడాదికి 606 పౌండ్లు జీతంలోంచి వేసి, ఇంకొకరు ఉండే ఇంటిని పోషిస్తున్నట్టు. 20% పన్ను పరిధిలో ఉన్నవాళ్లకి అదే ఇంటి మీద పన్ను 273, మిగిలేది 1,092. పెట్టిన 64,800 మీద అది 1.7%. దీనికి తోడు 2027 ఏప్రిల్ నుంచి అద్దె ఆదాయం మీద పన్ను రేట్లు రెండేసి శాతం పెరిగి 22, 42, 47 అవుతాయని 2025 నవంబరు బడ్జెట్‌లో ప్రకటించారు.

ఈ కాగితం చూపిస్తే చాలామంది ముఖాలు చిన్నబోతాయి. "మరి అందరూ ఎలా సంపాదించారు?" అంటారు. ఎక్కువమంది సంపాదించింది అద్దె మీద కాదు, ధర పెరుగుదల మీద. ధర పెరగని కాలంలో ఆ లాభం లేదు కాబట్టి అద్దె ఒక్కటే మిగిలింది. అందుకే అద్దె నుంచి మొదలుపెట్టాలి అంటున్నాను.

అద్దె నుంచి ధరకి

ఇందాక పెట్టుకున్న 8,490 తీయండి. ఇప్పుడున్న వడ్డీకి రెండు శాతం కలిపితే 7%. 7% వడ్డీ సరిగ్గా 8,490 అయ్యే అప్పు ఎంత? 8,490ని 0.07తో భాగిస్తే సుమారు 1,21,000. ఆ ఇంటి అద్దె మోయగల అప్పు అంతే. 25% డిపాజిట్‌తోనే కొనాలనుకుంటే ఇంటి ధర 1,61,000 లేదా 1,62,000 దాటకూడదు. 1,90,000కే కొనాలని ఉంటే 69,000 డిపాజిట్ వేయాలి.

నేను గీసుకున్న గీత ఇది. పెరుగుతున్న మార్కెట్‌లో ఇలాంటి ధర చెబితే ఏజెంట్ ఫోన్ పెట్టేస్తాడు. పడుతున్న మార్కెట్‌లో మాట్లాడతాడు. ఇప్పుడు కొనేవాళ్లకి ఉన్న ఒకే ఒక్క నిజమైన మేలు ఈ బేరమూ, తొందర లేకపోవడమూ. దాన్ని వాడుకోకుండా అడిగిన ధరకే కొంటే పడుతున్న మార్కెట్‌లోని కష్టమంతా మీకు, సుఖమంతా అమ్మేవాడికి.

బేరానికి వెళ్లేముందు ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో ఆ వీధిలో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. అది ఉచితమే. ఇళ్ల ప్రకటనల సైటు రైట్‌మూవ్‌లో కనబడేది అడిగే ధర, ఇచ్చిన ధర కాదు. ఆ ఇల్లు ఎప్పట్నుంచి అమ్మకానికి ఉంది, ఎప్పుడు తగ్గించారు అనేది కూడా గమనించండి. బ్యాంకు పంపే వాల్యుయర్ మీరు ఒప్పుకున్న ధర కంటే తక్కువ విలువ కడితే దిగులుపడకండి. ఆ అంకె పట్టుకుని మళ్లీ బేరానికి కూర్చోండి. ఇంగ్లండ్‌లో ఇరువైపులా సంతకం పెట్టిన కాంట్రాక్టులు ఇచ్చిపుచ్చుకునేదాకా మీరు దేనికీ కట్టుబడి లేరు. వేలంలో మాత్రం అలా కుదరదు. సుత్తి పడిన క్షణమే ఒప్పందం అయిపోయినట్టు. 10% అక్కడికక్కడే కట్టాలి, మిగతాది సాధారణంగా 28 రోజుల్లో. మామూలు మార్ట్‌గేజ్ ఆ గడువులోపు రావడం కష్టం, మొదటి ఇంటికి వేలం జోలికి పోకండి.

చాలామంది పాత ఓనర్లు అద్దెకున్నవాళ్లతో సహా ఇళ్లు అమ్మేస్తున్నారు. వీటిలో మంచివి ఉంటాయి. ఖాళీ ఉండదు, మొదటి నెల నుంచే అద్దె వస్తుంది. అయితే ఆ కుటుంబం డిపాజిట్ ప్రభుత్వ ఆమోదం ఉన్న స్కీములో ఉందా, ఏడాది అద్దె బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనబడుతోందా, గ్యాస్, కరెంటు సర్టిఫికెట్లు గడువులోనే ఉన్నాయా అని సొలిసిటరు చేత అడిగించండి. ఆ లోపాలన్నీ కొన్న రోజు నుంచి మీవే.

రీమార్ట్‌గేజ్ నాడు ఏమవుతుంది?

పడుతున్న మార్కెట్‌లో ఓనర్లు దెబ్బతినేది ధర పడిన రోజున కాదు. రెండేళ్లకో అయిదేళ్లకో ఫిక్స్‌డ్ గడువు (వడ్డీ మారకుండా ఉండే కాలం) తీరి కొత్త మార్ట్‌గేజ్‌కి వెళ్లిన రోజున. మన ఉదాహరణలో ఇంటి ధర 10% పడి 1,71,000 అయిందనుకోండి. అప్పు 1,42,500 అలాగే ఉంది. అంటే విలువలో 83%. బై టు లెట్‌లో మామూలుగా ఇచ్చేది 75%, అంటే 1,28,250. కొత్త బ్యాంకుకి మారాలంటే మీరు 14,250 పౌండ్లు రొక్కం తేవాలి. తేలేకపోతే పాత బ్యాంకు ఏ వడ్డీ చెబితే దానికే తల ఊపాలి.

ఇంకో పరీక్ష అద్దెది. అద్దె వడ్డీకి ఎన్ని రెట్లుందో బ్యాంకులు చూస్తాయి. 20% పన్ను వాళ్లకీ కంపెనీలకీ సాధారణంగా 125%, 40% వాళ్లకి 145% దాకా అడుగుతాయి. అది కూడా మీరు కట్టే వడ్డీ మీద కాదు, దానికంటే ఎక్కువగా ఊహించుకున్న వడ్డీ మీద. 145% పరీక్షని 5.5% మీద లెక్కిస్తే మన ఇంటికి నెలకి 947 అద్దె ఉండాలి, 1,000తో గట్టెక్కుతాం. అదే 7% మీద లెక్కిస్తే 1,205 కావాలి, తప్పుతాం. అయిదేళ్ల ఫిక్స్‌డ్‌కి ఈ పరీక్ష కాస్త మెత్తగా ఉంటుంది. ధరలు పడుతున్నప్పుడు కొనేవాళ్లకి నా సలహా అయిదేళ్లదే. రెండేళ్ల వడ్డీ కొంచెం తక్కువ కనబడినా సరే, పతనం మధ్యలో బ్యాంకు ముందు నిలబడాల్సిన పని తప్పుతుంది.

ఇల్లు కొన్న రోజే ఇంకో ఖాతా తెరవండి. ఇంటి విలువలో పదో వంతుకి దగ్గరగా అందులో ఉండాలి, లేదా మూడు నాలుగేళ్లలో చేరాలి. ఈ ఖాతా పెట్టలేని పరిస్థితి ఉంటే ఆ ఇల్లు మీ స్తోమతకి మించినదే. నేను ఈ ఒక్క విషయంలో ఎవరి దగ్గరా మెత్తబడను.

ఫ్లాట్ల సంగతి

మనవాళ్లకి ఫ్లాట్ అంటే ఇష్టం. కొత్తది, శుభ్రంగా ఉంటుంది, స్టేషన్ పక్కన. పడుతున్న మార్కెట్‌లో నేను భయపడేది వీటికే. ఇంగ్లండ్‌లో ఫ్లాట్లు దాదాపు అన్నీ లీజ్‌హోల్డే. నేల మీది కాదు, బిల్డింగు మీది కాదు, సర్వీస్ ఛార్జి ఎంత పెంచుతారో మీ చేతిలో లేదు. ఏడాదికి రెండు మూడు వేల పౌండ్ల సర్వీస్ ఛార్జి పడితే పైన చెప్పిన లెక్కలో మిగిలిన 1,365 ఆవిరైపోయి ఎదురు కట్టాల్సి వస్తుంది. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ మంటల తర్వాత గోడల క్లాడింగ్ మీద బ్యాంకులు కాగితాలు అడగడం మొదలుపెట్టాయి. ఆ కాగితం లేని బిల్డింగుల్లో ఏళ్ల తరబడి అమ్మనూ లేక, రీమార్ట్‌గేజ్ చేయనూ లేక ఇరుక్కుపోయినవాళ్లున్నారు. లీజు 80 ఏళ్ల కంటే తగ్గితే పొడిగించుకునే ఖర్చు ఎగబాకుతుంది. 2022 జూన్ 30 నుంచి ఇచ్చిన కొత్త లీజుల్లో గ్రౌండ్ రెంట్ (నేల ఓనరుకి ఏటా కట్టే అద్దె) లేదు గానీ, అంతకుముందువాటిలో అది ఎలా పెరుగుతుందో చదవాలి.

హోటల్లో మీటింగు పెట్టి, "రెండేళ్లు గ్యారంటీ అద్దె" అని అమ్మే కొత్త ఫ్లాట్ల దగ్గర ఒక్క పని చేయండి. అదే బిల్డింగులో, లేదా పక్కదాంట్లో, మూడేళ్ల కింద కొన్న ఫ్లాటు ఇప్పుడు ఎంతకి అమ్ముడైందో ల్యాండ్ రిజిస్ట్రీలో చూడండి. గ్యారంటీ డబ్బు మీరు ఇచ్చిన ధరలోంచే తిరిగొస్తోందని అక్కడే అర్థమవుతుంది.

మారిన అద్దె చట్టం

2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో కారణం చెప్పకుండా ఖాళీ చేయించే సెక్షన్ 21 లేదు. ఏడాది అగ్రిమెంటు అనేదీ లేదు. అద్దెకున్నవాళ్లు రెండు నెలల నోటీసుతో ఎప్పుడైనా వెళ్లొచ్చు. ఓనరు అద్దె పెంచేది ఏడాదికి ఒక్కసారే, అదీ పద్ధతి ప్రకారం నోటీసుతో. ఎక్కువనిపిస్తే వాళ్లు ట్రైబ్యునల్‌కి వెళ్లొచ్చు. మీరు ఇల్లు అమ్ముకోవాలంటే వాళ్లు చేరిన మొదటి ఏడాదిలోపు ఖాళీ చేయించలేరు, దానికి నాలుగు నెలల నోటీసు కూడా ఇవ్వాలి. అద్దె కట్టకపోతే తప్పనిసరిగా ఖాళీ చేయించే కారణానికి మూడు నెలల బాకీ పడాలి. అందుకే "ధర ఇంకా పడేలా ఉంటే చటుక్కున అమ్మేసి బయటపడదాం" అనే ఆలోచన పనికిరాదు. నాలుగు నెలల నోటీసు, ఆపైన అమ్మకానికి పట్టే కాలం, ఒకవేళ కోర్టు. ఏడాది పట్టినా తట్టుకునేలా ఉండాలి.

నాకు ఈ చట్టం మీద కోపం లేదు. మొదట వచ్చినప్పుడు మనమందరం అద్దె ఇళ్లలోనే ఉన్నాం, ఎప్పుడు పొమ్మంటారో తెలియక బడి పిల్లలతో ఇబ్బందిపడ్డ కుటుంబాలు నాకు తెలుసు. ఇంకో మార్పు మన విద్యార్థులకి సంబంధించినది. ఇక్కడ పూచీకత్తు ఇచ్చేవాళ్లు లేరని మన పిల్లల దగ్గర ఆరు నెలల అద్దె ముందే తీసుకునేవాళ్లు. ఇప్పుడు నెల అద్దె కంటే ఎక్కువ ముందుగా అడగడానికి వీల్లేదు. డిపాజిట్ కూడా మామూలు ఇళ్లకి అయిదు వారాల అద్దె మించకూడదు.

కరెంటు, గ్యాస్ పొదుపు సూచించే ఈపీసీ సర్టిఫికెట్ ఇప్పుడు కనీసం 'E' గ్రేడు ఉంటే చాలు. 2030 నాటికి సి కావాలన్నది ప్రభుత్వ నిర్ణయం. పాత టెర్రస్ ఇళ్లు చాలావరకు డి దగ్గర ఆగిపోయి ఉంటాయి. డి ఉన్న ఇల్లు చూస్తే, సి చేయడానికయ్యే ఖర్చు బేరంలోనే తగ్గించుకోండి. కొన్ని కౌన్సిళ్లు ఇల్లు అద్దెకివ్వడానికి లైసెన్సు అడుగుతాయి. నాటింగ్‌హామ్‌లో చాలా వీధులకి అది తప్పనిసరి. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొట్టి చూడ్డానికి రెండు నిమిషాలు చాలు.

ఎవరి పేరు మీద?

భార్యాభర్తల్లో ఒకరికి 40% పన్ను, ఇంకొకరికి జీతం లేదు లేదా తక్కువ అయితే, పేరు ఎవరిదన్నది ధర కంటే ముఖ్యం. జీతం లేనివాళ్లకి 12,570 దాకా పన్నే లేదు. మన ఉదాహరణలోని 8,490 అందులో ఇమిడిపోయి, 1,365 పూర్తిగా మిగులుతుంది. ఇద్దరి పేరా ఉంటే అద్దె సగం సగం అనే లెక్కిస్తారు. వాటా వేరుగా ఉండాలంటే ట్రస్టు పత్రం రాయించి, పన్ను శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి ఫారం 17 పంపాలి. సంతకం పెట్టిన 60 రోజుల్లోగా అది చేరాలి. బ్యాంకు ఒప్పుకుంటుందా అన్నది ముందే కనుక్కోండి, డిపెండెంట్ వీసా మీదున్నవాళ్ల పేరుతో అప్పు ఇవ్వడానికి కొన్ని బ్యాంకులు వెనకాడతాయి.

కంపెనీ పెట్టి కొంటే వడ్డీ మొత్తం ఖర్చు కింద తీసేయొచ్చు, లాభం 50,000 లోపైతే పన్ను 19%. వినడానికి బాగుంటుంది. కానీ కంపెనీలకి వడ్డీ కాస్త ఎక్కువ. 5.5% అయితే మన ఇంటి మీద మిగిలేది 652, అది అకౌంటెంటు ఫీజుకి సరి. లాభం బయటికి తీసుకుంటే డివిడెండ్ పన్ను మళ్లీ వేరు. ఒక్క ఇంటికి కంపెనీ దండగ. నాలుగైదు కొని, పదేళ్లు డబ్బు ముట్టకుండా ఉండేవాళ్లకి పనికొస్తుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మీ పేరు మీద ఫ్లాట్ ఉందా? ఇక్కడ స్టాంప్ డ్యూటీ అదనం లెక్కేటప్పుడు ప్రపంచంలో ఎక్కడున్న ఇల్లయినా ఇల్లే. మీ వాటా విలువ 40,000 పౌండ్లు ఉంటే చాలు. భార్య పేరున ఉన్నా భర్త కొనేటప్పుడు అది లెక్కలోకి వస్తుంది. ఇక్కడ ఇంకా అద్దెకే ఉంటూ మొదటిసారి కొంటున్నవాళ్లు కూడా ఆ ఫ్లాట్ వల్ల 5% అదనం కట్టాల్సి వస్తుంది. సొలిసిటరు అడిగినప్పుడు దాచకండి.

ఇంతకీ కొనాలా?

అద్దె, ఖర్చులు ఏటా 3% చొప్పున పెరిగి, వడ్డీ అలాగే ఉంటే పదేళ్లకి మన ఇంటి మీద మిగిలేది 1,365 నుంచి సుమారు 4,300కి చేరుతుంది. ఇప్పటి రేట్ల ప్రకారం 20% పన్ను వాళ్లకి అందులో 3,400 దాకా చేతికొస్తుంది. 40% వాళ్లకి పదకొండు వందలు. అప్పు అంకె కదలదు, అద్దె కదులుతుంది, బై టు లెట్‌లో బలం ఇక్కడే ఉంది. అందువల్ల పదేళ్లు ఆగగలిగి, తక్కువ పన్ను పేరు మీద, పైన గీసిన గీత లోపల ధరకి దొరికితే నేను కొనమనే చెబుతాను. అదీ నేలతో సహా మీ సొంతమయ్యే ఫ్రీహోల్డ్ ఇల్లు, హాస్పిటల్‌కో పెద్ద ఉద్యోగాల చోటుకో దగ్గరగా.

ఇద్దరికీ 40% పన్ను పడుతూ, సొంతింటి అప్పు ఇంకా మిగిలి ఉన్నవాళ్లకి మాత్రం ఆ 64,800తో ముందు సొంత అప్పు తగ్గించుకోమంటాను. 5% వడ్డీ అప్పు తీర్చడమంటే పన్ను లేని 5% సంపాదించినట్టే. చాలా బ్యాంకులు ఫిక్స్‌డ్ కాలంలోనూ ఏడాదికి 10% దాకా జరిమానా లేకుండా కట్టనిస్తాయి. ఆ తర్వాత ఐసా (రాబడి మీద పన్ను పడని పొదుపు ఖాతా), ఇద్దరికీ కలిపి ఏడాదికి 40,000.

కొన్నాళ్లకి ఇండియా వెళ్లిపోదామనుకునేవాళ్లు ఇంకో రెండు సంగతులు తెలుసుకుని కొనాలి. మీరు దేశం దాటాక, హెచ్‌ఎంఆర్‌సీ నుంచి ఎన్ఆర్ఎల్1 అనుమతి తెచ్చుకోకపోతే ఏజెంటు ఖర్చులు పోగా మిగిలిన అద్దెలో 20% పన్ను కింద పట్టుకుని మిగతాదే పంపుతాడు. ఆ ఫారం విమానం ఎక్కేముందే పెట్టండి. తర్వాత అమ్మినప్పుడు లాభం మీద 18 లేదా 24% పన్ను ఇక్కడే కట్టాలి, మినహాయింపు 3,000 మాత్రమే. విదేశంలో ఉన్నవాళ్లు నష్టానికి అమ్మినా సరే 60 రోజుల్లోగా రిటర్ను వేయాల్సిందే. ఇల్లు కొన్నప్పటి స్టాంప్ డ్యూటీ రశీదు, సొలిసిటరు బిల్లు భద్రంగా ఉంచుకోండి, అవి లాభంలోంచి తీసేయొచ్చు. ఇండియాలో రెసిడెంట్ అయ్యాక అక్కడి రిటర్నులోనూ ఈ అద్దె, ఈ అమ్మకం చూపించాలి. ఇక్కడ కట్టిన పన్నుకి రెండు దేశాల ఒప్పందం కింద అక్కడ తగ్గింపు అడగొచ్చు.